నలభై నిమిషాల గాలి

లిలువా,
12 ఆగస్టు 2024

డాక్టర్ హైమ గారికి,
లిలువా రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్లు పనిచేసి రిటైరైన సత్యానందం రాయునది.

1991లో, ఈస్టర్ తరువాతి ఆదివారం, మా తెలుగు బాప్టిస్టు సంఘం కార్యదర్శి జాబేజ్ బైబిలు మీద చెయ్యి పెట్టి, "నేనుండగా ఈ పుకూరును పూడ్చనివ్వను" అన్నాడు. పుకూరు అంటే ఇక్కడి బెంగాలీల మాటలో చెరువు. మా ఇంటికి దక్షిణాన ఉండేది. నా భార్య లోయిస్ బాప్తిస్మం పొందింది అందులోనే. రెండేళ్లు తిరక్కుండా ఊళ్లోని చెత్తంతా తెచ్చి దాన్ని పూడ్చారు. పైన నాలుగంతస్తుల మేడ లేచింది. కింది వాటా ఎవరిదో చెప్పనక్కర్లేదు కానీ చెబుతాను: జాబేజ్‌ది. ఒకే షెడ్డులో ఒకే డబ్బా అన్నం తిన్నవాళ్లం. ఆ మేడ గృహప్రవేశం నుంచి నేను అతనితో మాట్లాడలేదు.

మీ ఉత్తరం అందింది. మా డాబా మీద మీథేన్ కొలిచే యంత్రం పెడతామనీ, గాలిని బట్టి వెనక్కి లెక్కగట్టి ఆ వాయువు ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెడతామనీ రాశారు. పూడ్చిన చెత్త కుళ్లి మీథేన్ పుడుతుందని నేను వర్క్‌షాపు లైబ్రరీలో ఎప్పుడో చదివాను. వార్డు ఆఫీసుకు రాశాను, మా బిషప్పుకు రాశాను. ఎవరూ వాసన చూడలేదు. ఇన్నాళ్లకు ప్రభుత్వం ఒక ముక్కు కొని పంపుతోంది. పెట్టుకోండి.

రెండు షరతులు. మీ జవాబులు కాగితం మీద, తెలుగులో ఉండాలి. ఫోనులో చెప్పిన మాట చెప్పనట్టే. యంత్రం ఎవరి పేరు చెబితే ఆ పేరు దాచకుండా రాయాలి.

ఇట్లు,
మరిచిపోవడం చేతకాని
సత్యానందం

తా.క.: మీ ఉత్తరంలో "హరితగృహ వాయు ఉద్గారాల మూలాన్వేషణ" అన్న మాట మా పాస్టరు గారికి చూపించాను. ఇది పాత నిబంధనా, కొత్త నిబంధనా అని అడిగాడు.

* * *

సాల్ట్ లేక్,
కోల్‌కతా,
21 ఆగస్టు 2024

సత్యానందం గారికి నమస్కారాలు.

డాబా ఇచ్చినందుకు కృతజ్ఞతలు. చేత్తో తెలుగులో ఉత్తరం రాసి పదేళ్లయింది, తప్పులుంటే మన్నించండి.

ముందే చెప్పడం నా ధర్మం. మీథేన్‌కు వాసన ఉండదు. యంత్రం వాసన చూడదు, గాలిలో ఆ వాయువు ఎంత ఉందో కొలుస్తుంది. దాని పక్కన గాలి దిక్కు చూపే బాణం ఒకటి ఉంటుంది. వాయువు పెరిగిన వేళకు గాలి ఎటు నుంచి వీచిందో చూసి, ఆ గాలి వెంట వెనక్కి నడిచినట్టు లెక్క వేస్తాం. అదీ అంచనాయే. స్థలం చెబుతుంది కానీ పేరు చెప్పదు.

గౌరవంతో,
హైమ

తా.క.: యంత్రం బిగించడానికి వచ్చిన మా టెక్నీషియన్ ప్రదీప్‌కుమార్ గారిని, దాని మూతి దక్షిణం వైపు తిప్పమన్నారట. దానికి మూతి లేదండి. అది గాలి పీల్చే గొట్టం. ఎటు తిప్పినా ఒకటే.

* * *

లిలువా,
18 సెప్టెంబరు 2024

డాక్టర్ హైమ గారికి,
మీ యంత్రానికి కాపలా కాస్తున్న సత్యానందం రాయునది.

నేరం జరిగింది. నిన్న విశ్వకర్మ పూజ. ఆ రోజు లిలువాలో నేల చూసి నడిచేవాడు ఉండడు, ఆకాశమంతా గాలిపటాలే. గాజుపొడి రాసిన దారం ఒకటి మీ బాణానికి చుట్టుకుంది. అవతలివాడు లాగాడు. బాణం విరిగి పక్కింటి నీళ్ల ట్యాంకులో పడింది. నేను విచారించాను. ఆ గాలిపటం ఎగిరింది జాబేజ్ మేడ మీంచే. ఎగరేసినది అతని అల్లుడు. వయసు యాభై రెండు. సాక్ష్యం చెరపడం అంటే ఇదే.

మీరు దిగులుపడకండి. కొలిమి పొగ చూసి గాలి చెప్పినవాణ్ణి నేను. లోయిస్ పాత చీర చెంగు ఒక వెదురుకు కట్టి డాబా మీద నిలబెట్టాను. అది ఎటు ఎగిరితే గాలి దాని ఎదుటి దిక్కు నుంచి. మీ కొత్త బాణం వచ్చేదాకా రిజిస్టరు నేను రాస్తాను.

ఇట్లు,
బాణం కంటే గట్టివాడు
సత్యానందం

తా.క.: మీథేన్‌కు వాసన లేదన్నారు. మరి ముప్పై ఏళ్లుగా దక్షిణం నుంచి నాకు కొడుతున్న కంపు జాబేజ్ సొంతమే అయి ఉండాలి.

* * *

సాల్ట్ లేక్,
26 సెప్టెంబరు 2024

సత్యానందం గారికి నమస్కారాలు.

బాణం విదేశం నుంచి రావాలి, రెండు నెలలు పడుతుంది. మీ సాయం నిజంగా అవసరం. వాయువు సాయంత్రాలే పెరుగుతోంది కనుక నాలుగు నుంచి ఏడు వరకు పది నిమిషాలకోసారి గాలి దిక్కు రాయండి.

ఒక్క విషయంలో జాగ్రత్త. యంత్రంలోని గడియారం ఉపగ్రహాన్ని చూసి క్షణాలతో సహా సరిచేసుకుంటుంది. మీ గడియారం దానితో కలవకపోతే, ఒక వేళ పెరిగిన వాయువుకు మరో వేళ వీచిన గాలిని అంటగడతాం. ఒకసారి సరిచూసుకోండి.

గౌరవంతో,
హైమ

తా.క.: అల్లుడు గారి మీద పోలీసు ఫిర్యాదుకు నన్ను సాక్షిగా రాశారట. నేను ఆ రోజు గౌహతిలో ఉన్నానండి.

* * *

లిలువా,
20 అక్టోబరు 2024

డాక్టర్ హైమ గారికి,
దుర్గా పూజ సెలవుల్లో కూడా సెలవు తీసుకోని సత్యానందం రాయునది.

రిజిస్టరు పంపుతున్నాను. నమూనాకు పదిహేనో తారీఖు చూడండి.

"4.10 – దక్షిణం. 4.40 – దక్షిణం. జాబేజ్ బాల్కనీలో లుంగీ ఆరేశాడు, అది కూడా నా వైపే ఎగురుతోంది. 5.00 – దక్షిణం. 5.30 – దక్షిణం. జాబేజ్ దగ్గాడు. 5.55 – చీర చెంగు వాలిపోయింది, మళ్లీ లేచి ఉత్తరపు గాలి చూపింది. సూర్యుడు దిగాడు. 6.10 – ఉత్తరం."

రోజూ ఇదే తంతు. గడియారం గురించి అడిగారు. మా పెళ్లికి వచ్చిన గోడ గడియారం అది. 1972 నుంచి ఒక్క రోజు ఆగలేదు.

ఇట్లు,
సత్యానందం

తా.క.: మా పాస్టరు గారు నా రిజిస్టరు చూసి, ఇంత శ్రద్ధగా బైబిలు చదివితే పరలోకం ఖాయం అన్నారు. అక్కడికి జాబేజ్ కూడా వచ్చే ప్రమాదం ఉంది కదా అన్నాను.

* * *

సాల్ట్ లేక్,
8 నవంబరు 2024

సత్యానందం గారికి నమస్కారాలు.

తొలి పటం జతపరుస్తున్నాను. రోజూ సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో మీథేన్ ఒక్కసారిగా పెరుగుతోంది. మీ రిజిస్టరు ప్రకారం ఆ వేళకు గాలి దక్షిణం నుంచి. దాన్నిబట్టి మీ ఇంటికి దక్షిణాన నూట యాభై మీటర్ల దూరంలో, పూడ్చిన చెరువు స్థలం నుంచి వస్తూ ఉండే అవకాశం నూటికి డెబ్బై వంతులు.

ఇది చిత్తుప్రతి. ఇంకా సరిచూడాలి. దయచేసి ఎవరికీ చూపించకండి.

గౌరవంతో,
హైమ

తా.క.: రిజిస్టరులో గాలి మాత్రమే రాస్తే చాలు. జాబేజ్ గారి దగ్గు కంప్యూటరు తీసుకోవడం లేదు.

* * *

లిలువా,
18 నవంబరు 2024

డాక్టర్ హైమ గారికి,
గెలిచిన సత్యానందం రాయునది.

ఎవరికీ చూపించవద్దన్నారు. చూపించలేదు. చదివాను. నిన్న ఆరాధన అయ్యాక ప్రకటనల వేళ లేచి నిలబడి మొత్తం చదివాను. తెలుగు సరిగా రాని కుర్రకారు కోసం బెంగాలీలో కూడా చెప్పాను. జాబేజ్ నూటికి డెబ్బై వంతులు దోషి అని గాలే సాక్ష్యం చెప్పిందన్నాను.

జాబేజ్ కర్ర ఆనుకుని లేచాడు. ముప్పై ఒక్క ఏళ్ల తరువాత నాతో అన్న మొదటి మాట వినండి.

"నా ఇంటి కింద ఏటి గాలుందో నాకు తెలీదు గానీ సత్తెం, నీ నోట్లోంచి వచ్చీ గాలి కొలవడానికి యంత్రం అక్కర్లేదు."

జనం నవ్వారు. నవ్వినవాళ్ల పేర్లు రాసుకున్నాను. పాస్టరు గారు అందరినీ లేచి ప్రార్థించమన్నారు. ఆయనకు ఏమీ తోచనప్పుడు చేసే పని అదే.

ఇట్లు,
సత్యానందం

తా.క.: పటం పది కాపీలు, ప్లాస్టిక్ అతికించి పంపండి. క్రిస్మస్ పాటలు పాడుతూ ఇంటింటికీ వెళతాం, అప్పుడు పంచుతాను. మిగిలిన ముప్పై వంతుల నేరం అల్లుడి పేర రాయవచ్చునా?

* * *

సాల్ట్ లేక్,
27 నవంబరు 2024

సత్యానందం గారికి,

మీరు చదివిన పటాన్ని ఎవరో ఫోటో తీశారు. అది వార్డు ఆఫీసుకు చేరింది. వాళ్లు మేడకు వెళ్లి, నేలను తొలిచి చూడాలి, అడుగున గ్యాస్ ఉంటే ప్రమాదం, కింది వాటాలవాళ్లు డిసెంబరు ఇరవైలోగా ఖాళీ చెయ్యాలి అని చెప్పి వచ్చారు. జాబేజ్ గారి మనవరాలు జాయ్స్ నిన్న నాకు ఫోను చేసింది. ఆమె బిడ్డకు పదకొండు రోజులు. "దీదీ, గాలి అబద్ధం చెప్పదా?" అని అడిగింది. గాలి చెప్పదు, రాసేవాళ్లం పొరపడవచ్చు అన్నాను.

ఇది ఇక చిత్తుప్రతి కాదు, మనుషుల ఇళ్లు. నా నివేదిక డిసెంబరు పదిన వెళ్లాలి. రిజిస్టరులోని సమయాలన్నీ సరైనవే అని ధ్రువపత్రం జతచేశాను. సరైనవే అయితే సంతకం చేసి పంపండి.

హైమ

తా.క.: కాపీలు పంపడం లేదు.

* * *

లిలువా,
3 డిసెంబరు 2024

డాక్టర్ హైమ గారికి,
సత్యానందం రాయునది.

ధ్రువపత్రం మీద సంతకం చేశాను. కవరులో పెట్టాను. జిగురు తడపబోతూ ఉండగా తలుపు చప్పుడైంది. జాబేజ్. కూర్చోమనక ముందే కూర్చున్నాడు, మోకాళ్లు నా మోకాళ్లలాగే అయ్యాయి.

"నిన్ను బతిమాలడానికి రాలేదు సత్తెం. ఈ చలిలో పసిబిడ్డనట్టుకుని ఎక్కడికి ఎల్లాలో అడగడానికొచ్చినాను. సదువుకున్నోడివి కదా."

"గాలిని అడుగు," అన్నాను.

అతను గోడ వైపు చూశాడు. చేతి వాచీ చూసుకున్నాడు. మళ్లీ గోడ చూశాడు.

"ఇదేటి, ఇంకా నలభై నిమిషాలు ముందేనేటి? లోయిస్ వదిన పోయి తొమ్మిదేళ్లయిపోనాది కదా!"

మీకు చెప్పాలి. లోయిస్ ఎప్పుడూ, ఎక్కడికీ వేళకు రాలేదు. తొమ్మిదింటి ఆరాధనకు తొమ్మిదిన్నరకు చీర వెతికేది. పెళ్లైన కొత్తలో నేను గడియారం నలభై నిమిషాలు ముందుకు తిప్పాను. వారంలో కనిపెట్టేసింది. అయినా నా మాట నిలపడానికి, తెలియనట్టే దాన్ని చూసి హడావిడి పడేది. అప్పుడు కూడా పది నిమిషాలు ఆలస్యమే. సంఘమంతా ఎరిగిన సంగతి. ఆమె పోయాక నేను దాని ముల్లు ముట్టుకోలేదు.

"ఈ గడియారం సూసి రాసినావా గాలి?" అన్నాడు జాబేజ్.

నేను కవరును నా వైపు లాక్కున్నాను.

"రాసినావు," అన్నాడు, ఈసారి అడగకుండా. లేచి వెళ్లిపోయాడు. టీ తాగలేదు. నేనూ ఇవ్వలేదు.

రిజిస్టరులో ప్రతి సమయం నుంచీ నలభై నిమిషాలు తీసెయ్యండి. ధ్రువపత్రం చింపాను. ముక్కలన్నీ ఇందులోనే పెట్టాను, కావాలంటే అతికించి చూసుకోండి.

ఇట్లు,
సత్యానందం

తా.క.: లెక్క మారాక జాబేజ్ వాటా పూర్తిగా తీసేయకండి. ఒక పది వంతులైనా ఉంచండి. ముప్పై ఏళ్ల అలవాటు.

* * *

సాల్ట్ లేక్,
10 డిసెంబరు 2024

సత్యానందం గారికి నమస్కారాలు.

లెక్క మళ్లీ వేశాను. తప్పు నాది కూడా. అక్టోబరు పదిహేనున కోల్‌కతాలో సూర్యుడు ఐదుంబావుకే అస్తమిస్తాడు. మీ రిజిస్టరులో ఆరుకు అయిదు నిమిషాల ముందు అని ఉంది. చూడాల్సిన దాన్ని, జాబేజ్ గారి దగ్గు దగ్గర నవ్వుకుని ముందుకు వెళ్లిపోయాను.

నిజంగా ఐదున్నర అయ్యేసరికి గాలి ఉత్తరానికి తిరిగిపోయింది. వాయువు వస్తున్నది ఉత్తరం నుంచి, అదీ చాలా దగ్గర నుంచి. ఇరవై, ముప్పై మీటర్లు. అంటే మీ పెరడు. పాత చెరువు నుంచి కూడా కొంత వస్తోంది కానీ చాలా తక్కువ. మీ పది వంతులు కూడా రాలేదు. వార్డు ఆఫీసుకు ఇదంతా రాసిచ్చాను. ఖాళీ చెయ్యమన్న మాట వెనక్కి తీసుకున్నారు.

మీ ఇంటి వెనుక ఏముందండీ? ఇప్పటికీ ఏదో పడి కుళ్లుతున్న గొయ్యి లాంటిది ఉండాలి. మూత దగ్గర నిప్పు వెలిగించకండి.

గౌరవంతో,
హైమ

తా.క.: కొత్త బాణం వచ్చింది. గురువారం ప్రదీప్‌కుమార్ గారు వచ్చి బిగిస్తారు. చీర చెంగు తీయవద్దని చెప్పాను.

* * *

లిలువా,
16 డిసెంబరు 2024

డాక్టర్ హైమ గారికి,
సత్యానందం రాయునది.

పెరట్లో ఏముందో చెబుతాను. లోయిస్ బొగ్గు కుంపటి మీద వండేది. పొగకు దగ్గేది. 1994లో సంఘం కుటుంబాలకు గ్యాసు సిలిండర్ల కోసం జాబితా రాస్తున్నారు. రాస్తున్నవాడు జాబేజ్. అతని ముందు నిలబడి నా పేరు చెప్పుకోవడమా? రెండు పుస్తకాలు చదివి, పెరట్లో నేనే గొయ్యి తవ్వి ఇటుకలు కట్టాను. పక్క వీధి ఖటాల్ నుంచి, అంటే గేదెల కొట్టం నుంచి, పేడ మోశాను. గోబర్ గ్యాసు. ఏడు రోజులు నీలంగా మండింది. లోయిస్ దాని మీద టీ పెట్టి వీధిలో అందరికీ పోసింది. ఎనిమిదో రోజు ఆరిపోయింది. మళ్లీ వెలగలేదు. పైన బండ పరిచి, మరుగుదొడ్డి గొట్టం, వంటింటి కాలువ అందులోకి తిప్పేశాను. ఆమె ఇంకో పదేళ్లు కుంపటి మీదే వండింది. సిలిండరు వచ్చేనాటికి దగ్గు ఆమెదైపోయింది. ఆ గొయ్యి మాత్రం ముప్పై ఏళ్లుగా, నాకు తెలియకుండా, పనిచేస్తూనే ఉందన్నమాట.

తెలిసి రాశానా అని మీరు అడగలేదు. మర్యాదస్తులు. మొదటి సాయంత్రం గడియారం సంగతి నిజంగానే మరిచాను. రెండో సాయంత్రం గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా రాశాను, దక్షిణపు గాలి కాగితం మీద నలభై నిమిషాలు ఎక్కువ నిలుస్తుంది కదా, మరింత అందంగా రాశాను.

నిన్న ఆరాధన అయ్యాక, అదే చోట నిలబడి కొత్త పటం చదివాను. గొయ్యి సంగతి, గడియారం సంగతి, రెండో సాయంత్రం సంగతి. బెంగాలీలో కూడా. ఎవరూ నవ్వలేదు. పాస్టరు గారికి ప్రార్థన కూడా తోచలేదు. బయట చెప్పుల దగ్గర జాబేజ్ ఆగాడు.

"ఆ జాబితాలో మొదటి పేరు లోయిస్ వదినదే. నాతో రాయించుకుంది. సిలిండరు కాయితం వచ్చింది కూడా. పట్టుకెల్లి ఇస్తే, నీ గొయ్యి చూపించింది. పీకల్లోతు దిగి తవ్వుతున్నావు నువ్వు. 'ఆయన ఇంత కష్టపడుతుంటే ఇది నానెలా తీసుకుంటాను అన్నయ్యా, వేరే వాళ్లకిచ్చీ, ఆయనకి చెప్పకు' అంది. చెప్పలేదు. నీతో మాట్లాడితే కదా చెప్పడానికి."

చెరువు మాట నిలబెట్టుకోలేదు కదా అన్నాను. లేదు, అన్నాడు. ఆ పద్దు అలాగే ఉంది, దాన్ని నేను వదల్లేదు. కానీ జాయ్స్ బిడ్డను నా చేతిలో పెడితే ఎత్తుకున్నాను. బరువైన బిడ్డ.

గొయ్యి శుక్రవారం తవ్వించి పూడుస్తున్నాను. మీ లెక్కలో అది ఆగిపోయిన రోజు కనబడుతుందేమో చూసి రాయండి.

ఇట్లు,
సత్యానందం

తా.క.: ప్రదీప్‌కుమార్ గడియారం సరిచేస్తానన్నాడు. వద్దన్నాను. కుంపటి ముందు కూర్చుని దగ్గుతూ ఆమె నాకో మాట ఇచ్చింది: "నేను దేనికీ వేళకు వెళ్లే మనిషిని కాదు కదా. మీరు ముందు వెళ్లండి, నేను తీరిగ్గా వస్తాను." జీవితమంతా అన్నిటికీ ఆలస్యం చేసి, ఆ ఒక్కదానికి మాత్రం నాకంటే ముందు బయల్దేరింది. కాగితం సంగతి కూడా చెప్పకుండా. మీ యంత్రం పేరు చెప్పదన్నారు కదా, నేనే చెబుతాను. జాబేజ్ కాదు. నేను ఇప్పటికీ తప్పుపట్టే మనిషి ఒక్కరే: లోయిస్.